రెండు అరల వంటిల్లు

ఆ డిటెక్టివు ఆఫీసుకి వచ్చేవాళ్ళలో చాలామంది కుర్చీ చూపించకముందే తమ గోడు మొదలుపెడతారు. ఆవిడ మాత్రం చూపించిన కుర్చీలో కూర్చుని, తడి గొడుగు ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్ళో పెట్టుకుని, నోరు విప్పకుండా ఉండిపోయింది. గొడుగు నీళ్ళన్నీ బట్టల మీదికే కారుతున్నాయి. టైపిస్టు మిషను మీంచి చేతులు తీసి, లేచి వెళ్ళి, ఆ గొడుగు అందుకుని మూలన పెట్టింది.

"మా ఆయన పోయారండీ," అంది ఆవిడ. వెంటనే తనే దిద్దుకుంది. "మా ఆయన అనకూడదేమో. కోర్టువాళ్ళు మమ్మల్ని విడిగా ఉండమని ఉత్తర్వు ఇచ్చి ఏడాది కావస్తోంది. అయినా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఉంటున్నాం కాదు, ఉండేవాళ్ళం."

బల్ల అవతల కూర్చున్న పెద్దమనిషి తల ఊపాడు. ఆయన్ని పోలీసులు నత్తగారు అంటారు. మొదట్లో అది వెటకారానికి పెట్టిన పేరే. నడక నిదానం, మాట నిదానం, పైగా అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగే అలవాటు. పోనుపోను ఆ నత్త పాకిన చోటల్లా దొంగలు దొరుకుతూండడంతో పేరు చివర 'గారు' వచ్చి చేరింది. టైపిస్టు ఆయన దగ్గర చాలాకాలంగా పనిచేస్తోంది. అంత బుర్ర ఉన్న మనిషి ఈ చుట్టుపక్కల లేడని ఆమె నమ్మకం. ఆ ముక్క మొహం మీద చెబితే నెత్తికెక్కుతుందని ఎన్నడూ చెప్పలేదు.

"ఎలా పోయారు?"

"విషం. నేనే పెట్టానంటున్నారు. ఆయన చనిపోయిన పొద్దున్నంతా స్టేషన్లో కూర్చోబెట్టి, ఊరు దాటొద్దని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. రేపు సాయంత్రానికి అరెస్టు చేస్తారని మా ప్లీడరుగారి అనుమానం."

ఆవిడ దర్జీ. మేడ మీద గదిలో ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. భర్త పుస్తకాలకి బైండింగు చేసేవాడు, కింద వీధిగదిలో. పుట్టిన ఒక్క బిడ్డా నిలవలేదు. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూస్తే ఆ బిడ్డే గుర్తొచ్చి, మంచినీళ్ళు అడిగినా తగాదాగానే వినిపించేది. చివరికి కోర్టుకెక్కారు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఇల్లు వదలాలి కదా అంటే, ఆయన కోత మిషనూ, ఇనప ప్రెస్సులూ కదిలేవి కావు. ఆవిడ దగ్గరికొచ్చే ఆడవాళ్ళు ఆ వీధి దాటి రారు. అప్పుడు ప్లీడరు ఒక దారి చెప్పాడు.

"ఒకే ఇంట్లో ఉన్నా విడిగా ఉన్నట్టే లెక్కంట. కాకపోతే ఒకళ్ళకొకళ్ళు వండకూడదు, ఉతకకూడదు, కలిసి తినకూడదు. అలాగే ఉంటామని ఇద్దరం కోర్టులో ప్రమాణం చేశాం. వంటింట్లో ఎడమ అర నాది, కుడి అర వాళ్ళది. వాళ్ళు వండుకున్నాక నేను."

"వాళ్ళు అంటే?"

"మా వదిన. ఆయనకి అక్క. భర్త పోయి ఒక్కతీ ఉండేది. మేం విడిపోయాక తమ్ముడికి వండిపెట్టడానికి వచ్చింది."

"విషం ఎక్కడిది?"

"ఆయన పనిగదిలోదే. బైండింగు జిగురుకి పురుగు పట్టకుండా తెల్లటి పాషాణం పొడి కలుపుతారు. రుచీ ఉండదు, వాసనా ఉండదు. ఆ గది తాళంచెవి హాల్లో మేకుకి వేలాడుతూంటుంది."

"మీరు ఆయనకి తినడానికి గానీ తాగడానికి గానీ ఏమైనా ఇచ్చారా?"

"లేదండీ. ఏడాదిగా నా చేతి మంచినీళ్ళు కూడా ఆయన ముట్టలేదు."

అప్పటిదాకా ప్రతి మాటకీ తడుముకున్న మనిషి ఆ ఒక్కటీ గడగడా చెప్పింది. నత్తగారు ఇంకోసారి అదే ప్రశ్న అడిగాడు. ఆవిడ అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు చెప్పింది. టైపిస్టుకి ఆవిడ మీద జాలేసింది. జాలితో పాటు ఎక్కడో చిన్న అనుమానం కూడా వేసింది.

ఆ మధ్యాహ్నమే ఆ ఇంటికి వెళ్ళారు. వాన వెలిసింది గానీ ఆకాశం ఇంకా ముసురుకునే ఉంది. వీధిగదికి పోలీసుల సీలు వేసి ఉంది. తలుపు తీసిన మనిషి పొడగరి, గట్టి మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"అది పిలిపించిన మనుషులేనా? రండి. మీరైనా దాని చేత నిజం కక్కించండి," అంది వదిన.

"ఆ రోజు ఆయన ఏం తిన్నారమ్మా?"

"రాత్రి నేను వండిందే. ఇద్దరం ఒకే గిన్నెలోది తిన్నాం, నాకేం కాలేదు. పడుకున్నాక వాంతులు మొదలయ్యాయి. డాక్టరు వచ్చేసరికే చెయ్యి దాటిపోయింది." ఆవిడ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "వాణ్ణి చంకనేసుకుని పెంచిందాన్నండీ. అమ్మ పోయినప్పుడు వాడికి నడక కూడా రాదు. ఇప్పుడూ అంతే, వాడి బట్టలు నేనే ఉతికాను, గుండీ ఊడితే నేనే కుట్టాను. వాడికి షుగరని తెలిసి, నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే మా అరలోంచి పంచదార గెంటేశాను. మొన్న పరామర్శకొచ్చిన వాళ్ళక్కూడా చప్పటి టీయే పోశాను, కావాలంటే అడగండి."

"సాయంత్రాలు మీరు ఇంట్లోనే ఉంటారా?"

"రోజూ బజారుకెళ్తాను. వెలుగుండగా వెళ్ళి దీపాలు పెట్టేవేళకి వస్తాను. వాడు ఆ గదిలో పని చేసుకుంటూంటాడు. అది పైన మిషను తొక్కుకుంటూంటుంది. ఇద్దరికీ మాటా పలుకూ లేదు. అందులో మాత్రం దాన్ని తప్పు పట్టను, కోర్టు చెప్పినట్టే ఉంది. మరి వాడి నోట్లోకి ఎలా పోసిందో, అదే నాకు అంతుపట్టడం లేదు. అదే నాకు కావాలి." తల తిరుగుతోందని చెప్పి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పెరటి వసారాలో తాడు మీద చచ్చిపోయినాయన చొక్కాలు ఇంకా వేలాడుతున్నాయి. తీసేవాళ్ళు లేక మూడు వానలకి తడిసి, ఆరి, మళ్ళీ తడిసి, కంపు కొడుతున్నాయి. నత్తగారు వాటి గుండీలు ఒక్కొక్కటే వేళ్ళతో తడిమాడు. చాలావాటిని గుడ్డకి అంటుకునేలా అడ్డదిడ్డంగా కుట్టారు. రెండు మాత్రం గుడ్డకి కాస్త ఎత్తులో నిలబడి ఉన్నాయి. కింద దారం చుట్లు తిప్పి మెడలాగా కట్టి ఉంది. వసారా చూరు కింద, తూము పక్కన, చీమలు కుప్పగా చచ్చి పడి ఉన్నాయి. వాటిని తొక్కకుండా టైపిస్టు పక్కకి జరిగింది. తొక్కితే ఏమవుతుందో ఆమెకే తెలియదు, చచ్చినవాటిని తొక్కడం ఎందుకులే అనిపించిందంతే.

వంటింట్లో అరల మధ్య గోడ మీద సున్నంతో ఒక గీత గీసి ఉంది. గీతకి ఎడమవైపు దర్జీ డబ్బాలు వరసగా, మూతలన్నీ తుడిచి. కిటికీలో ఒక గుడ్డ పరిచి, కడిగిన డబ్బాలు రెండు బోర్లించి ఉన్నాయి.

"అవెందుకలా పెట్టారు?" అని పొయ్యి దగ్గరున్న దర్జీని అడిగింది టైపిస్టు.

"లోపల తడి పూర్తిగా ఆరాలండీ. ఒకటి రెండు రోజులు అలా వదిలేస్తేగాని మళ్ళీ నింపను. మా అమ్మ అలవాటు." మాట్లాడుతూనే ఆవిడ టీ కాచింది. మూడు కప్పుల్లో పోసి, పంచదార డబ్బా తీసింది. చెంచా లోపలికి దిగలేదు. "ఇదేంటి! గడ్డకట్టుకుపోయింది. ఎప్పుడూ ఇలా లేదే," అని చెంచా కాడతో పొడిచి, రెండు కప్పుల్లో వేసింది. మూడోది తను తీసుకుంది.

"మీకు?" అన్నాడు నత్తగారు.

"నేను మానేశానండీ. చాలాకాలమైంది."

టైపిస్టుకి దాహంగా ఉంది, గటగటా తాగేసింది. నత్తగారు కప్పు చేత్తో పట్టుకుని ఆ డబ్బా వంకే చూస్తూ కూర్చున్నాడు. చివరికి టీ చల్లారిపోతే ఒక్క గుక్క కూడా తాగకుండా పక్కన పెట్టేశాడు. ఆయన టీ వదిలేయడం ఇన్నేళ్ళలో టైపిస్టు ఎప్పుడూ చూడలేదు.

మేడ మీద గదిలో కుట్టు మిషను, కత్తిరించిన గుడ్డలు, కిటికీ దగ్గర ఎదురెదురుగా రెండు పేము కుర్చీలు. రెండిటి దిండ్లకీ ఒకే రంగు నీలం గలేబులు.

"కొత్తవల్లే ఉన్నాయి," అంటూ నత్తగారు ఒక దాంట్లో కూర్చున్నాడు.

"ఈ వానాకాలం మొదట్లో కుట్టానండీ."

"ఇక్కడికి ఎవరొస్తూంటారు?"

"కొలతలివ్వడానికి ఆడవాళ్ళు. గుండీలమ్మే ఆయన మెట్ల దగ్గరిదాకా వచ్చి పెట్టె ఇచ్చి పోతాడు."

"మీవారు?"

"ఉత్తర్వు వచ్చినప్పట్నించీ ఈ మెట్లెక్కలేదు." మళ్ళీ గడగడా చెప్పింది.

నత్తగారి వేళ్ళు గలేబు అంచు మీద ఎండి అతుక్కుపోయిన తెల్లటి పొక్కునొకదాన్ని గిల్లాయి. నలిపి, వాసన చూసి, ఏమీ అనకుండా లేచాడు. గంజి కాబోలనుకుంది టైపిస్టు.

బయట గేటు దగ్గర ఒక మనిషి గుండీల పెట్టె చంకలో పెట్టుకుని, లోపలికి వెళ్ళాలో మానాలో తేల్చుకోలేక నిలబడి ఉన్నాడు. చక్కగా దువ్విన తల, ఇస్త్రీ బట్టలు, మొహం నిండా భయం.

"దాచడమెందుకు సార్, వీధిలో అందరికీ తెలుసు," అన్నాడు అడక్కుండానే. "విడాకులయ్యాక ఆవిణ్ణి పెళ్ళాడతానని నలుగురితో అన్నాను. ఆవిడతో మాత్రం అనలేదు, ధైర్యం చాల్లేదు. అనకపోయినా నా మీద కూడా అనుమానమే. ఆ వంటిల్లు ఏ మూల ఉందో కూడా నాకు తెలీదు."

"ఊరుకోవయ్యా, నోరు మంచిదైతే ఊరు మంచిది," అంది గోడ అవతల్నించి పక్కింటావిడ. ఎప్పట్నించి వింటోందో! "అయ్యా, మీరు లోపలికి మళ్ళీ వెళ్తారా? వెళ్తే నా గిన్నె సంగతి కాస్త చెప్పండి. ఆ పోయినాయన అక్కగారు ఆ చావు జరిగిన పొద్దున్నే పంచదార పట్టుకెళ్ళారు. గిన్నె తిరిగి రాలేదు. చావింట్లోకి వెళ్ళి గిన్నె అడిగితే ఏం బావుంటుంది చెప్పండి!"

అక్కణ్ణించి ప్లీడరు ఇంటికి వెళ్ళారు. భార్యాభర్తలిద్దరి తరఫునా కాగితాలు చూసింది ఆయనే. వచ్చే నెలలో ఉత్తర్వుకి ఏడాది నిండుతుంది, ఆపైన విడాకుల పిటిషను వేయాలి.

"అలాగే వేసేవాళ్ళమే," అన్నాడు ప్లీడరు. "కాని పోవడానికి వారం ముందు ఆయన వచ్చి, ఆ ఉత్తర్వు రద్దు చేయించుకోవాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. ఇద్దరూ కలిసొచ్చి సంతకాలు పెట్టాలన్నాను. తర్వాత రావలసిన రోజు చెబుదామని ఫోను చేస్తే ఆయన లేడు. ఇంట్లోవాళ్ళకే చెప్పి పెట్టాను. ఆయన భార్య మనసులో ఏముందో మాత్రం నాకు తెలీదు."

తిరిగి వస్తూంటే టైపిస్టు ఇక ఆగలేకపోయింది.

"సార్, మన మనిషే అబద్ధమాడుతోంది."

"అవును."

"ఆ రెండు గుండీలూ ఆవిడ కుట్టినవే. దర్జీలు తప్ప అలా దారం చుట్టి ఎవరు కుడతారు? మా ఇంట్లో నేను కుట్టినవి చూడండి, నాలుగు పోట్లు, తెంపెయ్యడం."

"కుర్చీ గలేబుకి అంటింది గంజి కాదమ్మా. బైండింగు జిగురు. ఆ గలేబు కుట్టింది ఈ వానాకాలంలో. ఏడాదిగా మెట్లెక్కని మనిషి చేతి జిగురు దానికెలా అంటుకుంది?"

"అయితే ఆయన రోజూ పైకి వెళ్ళేవాడన్నమాట. ఆవిడ చేతి టీ తాగేవాడు." టైపిస్టు ఆగిపోయింది. "సార్! ఇది ఇన్‌స్పెక్టరుకి తెలిస్తే ఆవిడ పని అయిపోయినట్టే కదా. ఇప్పటిదాకా ఆవిణ్ణి కాపాడుతున్నది ఆ అబద్ధమొక్కటే."

"ఆవిడా అలాగే అనుకుంటోంది. అదే ఆవిణ్ణి ముంచుతోంది," అన్నాడు నత్తగారు. "రేపు మధ్యాహ్నం అందరినీ ఆ వంటింట్లోకి రమ్మను. ఇన్‌స్పెక్టరుకి ఈ రాత్రే ఫోను చెయ్యాలి, పెరట్లో తూము దగ్గర మట్టి ఎత్తుకెళ్ళమని."

మర్నాడు ఆ వంటిల్లు కిక్కిరిసిపోయింది. గోడకి ఆనుకుని ఇన్‌స్పెక్టరు, గుమ్మంలో గుండీలాయన, పక్కన ప్లీడరు, పక్కింటావిడ. గీతకి కుడివైపు పీట మీద వదిన, ఎడమవైపు స్టూలు మీద దర్జీ. కోర్టు గీసిన గీతని ఆ ఇద్దరూ ఆ స్థితిలోనూ దాటలేదు. టైపిస్టు పెన్సిలు చెక్కుకుని కూర్చుంది.

"ఇది చిత్రమైన కేసు," అని మొదలుపెట్టాడు నత్తగారు. "ఈ ఇంట్లో ఇద్దరు మనుషులు విడిపోయారని కోర్టు నమ్మింది, ప్లీడరుగారు నమ్మారు, వీధంతా నమ్మింది. ఆ నమ్మకం మీదే ఈ హత్య జరిగింది. కాని వాళ్ళు విడిపోలేదు."

దర్జీ చివ్వున తలెత్తింది. "సార్! నేను మిమ్మల్ని నమ్మి వచ్చాను."

"నమ్మే ఉండండమ్మా." ఆయన గుండీల సంగతి చెప్పాడు, గలేబు మీది జిగురు సంగతి చెప్పాడు. "మీ వదినగారు బజారుకి వెళ్ళగానే ఆయన మెట్లెక్కేవారు. కిటికీ దగ్గర కూర్చుని ఇద్దరూ టీ తాగేవారు. ఏడాదిలో ఎప్పుడు మొదలైందో నాకు తెలీదు."

దర్జీ మెల్లగా అంది, "చలికాలంలో. నేను జ్వరమొచ్చి మూలుగుతూంటే తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అన్నారు. తన ఇంట్లో తనే అలా అడిగితే ఏడుపొచ్చింది నాకు. ఇద్దరం ఆ రోజే బిడ్డ పేరు ఎత్తాం. అప్పటిదాకా ఎత్తలేదు."

"చూశారా!" వదిన పీట మీంచి లేచిపోయింది. "చూశారా ఇన్‌స్పెక్టరు గారూ, దాని నోటితోనే చెప్పింది! టీలో కలిపి పోసింది!"

"కూర్చోండమ్మా. టీలోనే పోసింది, ఆ మాట నిజమే. కాని ఏం పోస్తోందో ఆవిడకి తెలీదు." నత్తగారు ఎడమ అరలోంచి పంచదార డబ్బా తీసి అందరి ఎదుటా పెట్టాడు. "ఈవిడ పంచదార తినదు. నిన్న నా ఎదురుగానే చప్పటి టీ తాగింది. మరి తినని మనిషి అరలో పంచదార ఎందుకుంది? ఎవరి కోసం?"

"ఆయన కోసమే," అంది దర్జీ. "ఒక్క చెంచా వరకూ పరవాలేదని డాక్టరే చెప్పారు. ఆ మాట వదినకి చెప్పే ధైర్యం ఆయనకి లేదు. అందుకని నా దగ్గర తాగేవారు."

"ఈ డబ్బాలో పంచదార గడ్డకట్టి ఉంది. పక్క డబ్బాల్లో ఏదీ గడ్డకట్టలేదు. అంటే దీన్ని కడిగి, తడి ఆరకుండానే ఎవరో పంచదార నింపారు. కడిగిన డబ్బా రోజుల తరబడి బోర్లించే మనిషి ఆ పని చెయ్యదు. పైగా ఆ గడ్డ చూసి ఆవిడ ఆశ్చర్యపోయి, అందులోంచే తీసి మాకు టీలో వేసింది."

టైపిస్టు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "సార్, నేను కప్పు ఖాళీ చేసేశాను!"

"కడిగి నింపిన డబ్బా అమ్మా, భయపడకు. విషమున్న పంచదార అంతకుముందే తూము దగ్గరికి పోయింది." ఆయన ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు.

"చీమలు చచ్చిన చోట మట్టిలో పాషాణం ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పంచదారతో కలిసి. పొద్దున్నే రిపోర్టు వచ్చింది."

"ఆయన పోయిన పొద్దున్న ఈవిడ స్టేషన్లో ఉంది. ఇంట్లో మిగిలింది ఒక్క మనిషి. ఏడాదిగా తన అరలో పంచదార రవ్వ ఉంచకపోయినా, పక్కింట్లో గిన్నెడు పంచదార అడిగిన మనిషి. పరామర్శకొచ్చిన వాళ్ళకి చప్పటి టీయే పోశానని మాతో చెప్పిన మనిషి. మరి ఆ పంచదార ఏమైంది? ఈ డబ్బాలోకే వచ్చింది."

పక్కింటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వదిన మాత్రం ఎవరి వంకా చూడలేదు.

"ప్లీడరుగారూ, రావలసిన రోజు ఫోన్లో ఎవరికి చెప్పారు?"

ప్లీడరు మొహం పాలిపోయింది. "ఈ అక్కగారికే. ఇద్దరూ కలిసి సంతకాలకి రావాలని..."

"అదీ సంగతి. తమ్ముడు మెత్తబడుతున్నాడని ఈ అక్కగారికి తెలిసింది. మరదలి మీద జాలిపడి కలవడానికి ఒప్పుకుంటున్నాడనుకుంది. వాళ్ళు కలిస్తే ఈ గీత చెరిగిపోతుంది, ఈ వంటింట్లో తనకి చోటుండదు, మళ్ళీ ఆ ఒంటరి గదికి పోవాలి. మరదలు విషం తిని చచ్చిపోతే, మొగుడు వదిలేసిన ఆడది విరక్తితో చచ్చిందంటారు. ఎడమ అరలో పంచదార ఎడమ అర మనిషే తింటుందని అందులో పాషాణం కలిపింది. కోర్టు చెప్పినట్టే ఉంది అని నిన్న మాతో కూడా అన్నారు. ఆ మాట మీకు నిజమమ్మా. మీ ఏడుపూ నిజమే. మరదలే చంపిందన్న మీ కోపం కూడా నిజమే. తనకి పెట్టిన విషాన్ని పసిగట్టి తమ్ముడికి పోసిందనుకున్నారు."

వదిన పీట మీంచి లేచి, అందరూ చూస్తూండగా ఆ గీత దాటి, మరదలి ఎదుట నిలబడింది. ఇన్‌స్పెక్టరు అడ్డం రాబోతే నత్తగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీకు తీపంటే ప్రాణం కదే," అంది వదిన. గొంతులో కోపం లేదు. అర్థం కాకపోవడమే ఉంది. "పెళ్ళైన కొత్తలో పంచదార గుప్పిళ్ళతో తినేదానివి. నువ్వెందుకు తాగలేదు? నువ్వెందుకు మానేశావ్?"

"షుగరని తెలిసినప్పుడు డాక్టరు ఆయన్ని మానెయ్యమన్నారు కదా వదినా," అంది దర్జీ. "ఆయన చప్పగా తాగుతూంటే నాకెలా సయిస్తుంది? అప్పుడే మానేశాను. ఇద్దరం మాట్లాడుకోని రోజుల్లో కూడా మళ్ళీ ముట్టలేదు."

వదిన అక్కడే, గీతకి ఎడమవైపు నేల మీద కూలబడిపోయింది. నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది గానీ అది ఏడుపో మాటో ఎవరికీ తెలియలేదు. టైపిస్టు తలొంచుకుంది. దోషి దొరికినప్పుడల్లా ఆమెకి లోపల్లోపల ఒక గర్వం కలిగేది. ఇవాళ ఆ గర్వం ఎంత వెతుక్కున్నా కనిపించలేదు.

"ఆ సాయంత్రం ఇంకో చెంచా వెయ్యమన్నారు సార్," అంది దర్జీ, నత్తగారితో. "రేపు అక్కకి చెప్పేస్తాను, ఇవాళొక్కరోజూ వెయ్యవే అన్నారు. వేశాను. నేనే కలిపాను. నా చేత్తోనే ఇచ్చాను కదా."

నత్తగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

వదినని తీసుకెళ్ళాక ఇన్‌స్పెక్టరు టోపీ చేత్తో పట్టుకుని ఇబ్బందిగా నిలబడ్డాడు. శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. తీసుకునే రక్తసంబంధీకులంటూ ఇక ఎవరూ లేరు.

"చట్టప్రకారం ఈవిడ ఇంకా భార్యే," అన్నాడు ప్లీడరు గొంతు సవరించుకుని. "విడిగా ఉండే ఉత్తర్వుతో పెళ్ళి పోదు. కాకపోతే శవం తీసుకునే కాగితంలో 'విడిగా నివసిస్తున్న భార్య' అని రాయాలి."

"అలా రాయొద్దు," అంది దర్జీ. "మేం విడిగా లేం."

"ఆలోచించుకోండమ్మా. విడిగా అన్న మాట తీసేస్తే కోర్టులో చేసిన ప్రమాణం తప్పానని మీ అంతట మీరే ఒప్పుకున్నట్టు. రేపు దాని మీద కేసు పెడితే నేను కూడా అడ్డుపడలేను."

దర్జీ గీత దాటి టైపిస్టు దగ్గరికి వచ్చి, కాగితం మీద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ భార్య అని రాయండమ్మా. ముందు ఇంకే మాటా వద్దు."

టైపిస్టు అలాగే రాసి, సంతకానికి పెన్ను అందించింది.